విశాఖలో కూర్చుని దగ్గరి గెలాక్సీలను అతినీలలోహిత కాంతిలో కొలవొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు విశాఖలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి ఏడాదిలో ఉన్నారు. దగ్గరి గెలాక్సీలను స్పేస్ టెలిస్కోప్ అతినీలలోహిత కాంతిలో తీసిన సర్వే డేటాతో ప్రాజెక్టు చేయాలని ఉంది. కాలేజీలో పెద్ద టెలిస్కోప్ లేదు, చేతిలో ఉన్నది మామూలు ల్యాప్‌టాప్. నాసా ఉపగ్రహం గెలెక్స్ డేటా తీసుకోవాలా, మన ఉపగ్రహం ఆస్ట్రోశాట్ డేటా తీసుకోవాలా అన్నది మొదటి సందేహం. వెయ్యి గెలాక్సీల అతినీలలోహిత కొలతలతో అట్లాస్ ఎప్పుడో వచ్చేసింది, ఇక కొత్తగా కొలవడానికి ఏం మిగిలింది అన్నది రెండోది. ఈ రెండో ప్రశ్న మీ గైడ్ కూడా వేశారని రాశారు.

చేయొచ్చు, ల్యాప్‌టాప్ చాలు. గెలెక్స్‌తో మొదలుపెట్టండి. నాలుగైదు గెలాక్సీలకు మించి తీసుకోకండి. ప్రశ్నను గెలాక్సీ అంచు గురించి పెట్టుకోండి. అంటే, కేంద్రం నుంచి ఎంత దూరం వెళ్లాక కొత్త నక్షత్రాలు పుట్టడం ఆగిపోతోంది అన్నది. ఇందులో అసలు శ్రమ గెలాక్సీని కొలవడంలో ఉండదు, దాని వెనక ఉన్న ఆకాశాన్ని కొలవడంలో ఉంటుంది. ఆ పని ఓపికగా చేస్తే మీ గైడ్ ప్రశ్నకు కూడా జవాబు వచ్చేస్తుంది.

నేను చాలా ఏళ్లు ఈ రకం చిత్రాలతోనే పనిచేశాను. ఇప్పుడు ఇక్కడే ఎమ్మెస్సీ విద్యార్థుల ప్రాజెక్టులకు సాయం చేస్తుంటాను. కాబట్టి ఎక్కడెక్కడ చిక్కుకుంటారో కాస్త వివరంగా రాస్తాను.

టెలిస్కోప్ లేదన్న దిగులు ముందు పక్కన పెట్టండి. దాదాపు 300 నానోమీటర్ల కన్నా తక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న కాంతిని మన వాతావరణంలోని ఓజోన్ ఆపేస్తుంది. ఇంకా కిందికి వెళ్తే మామూలు ఆక్సిజనే ఆపుతుంది. సముద్రం పక్కన తేమ ఉండే విశాఖకూ, సుమారు 4,500 మీటర్ల ఎత్తులో రెండు మీటర్ల టెలిస్కోప్ ఉన్న లద్దాఖ్‌లోని హాన్లేకూ ఈ విషయంలో తేడా లేదు. నేల మీద ఎక్కడి నుంచైనా ఫార్ యూవీలో, అంటే అతినీలలోహితంలో తరంగదైర్ఘ్యం బాగా తక్కువ ఉన్న భాగంలో, గెలాక్సీ కనిపించదు. ఎవరైనా ఉపగ్రహం డేటా మీదే ఆధారపడాలి. ఆ డేటా అందరికీ ఉచితంగా దొరుకుతోంది, కాబట్టి పెద్ద సంస్థలో ఉన్న విద్యార్థికీ మీకూ ఈ ఒక్క చోట ఒకే వసతి ఉంది.

ఇక ఈ కాంతే ఎందుకంటే, ఉపరితలం 10,000 డిగ్రీలు దాటి మండే ఓ, బీ తరగతి నక్షత్రాలు తమ కాంతిలో ఎక్కువ భాగాన్ని అతినీలలోహితంలోనే వెదజల్లుతాయి. అవి భారీ నక్షత్రాలు, ఇంధనాన్ని త్వరగా ఖర్చు చేసేసి అయిపోతాయి. అందుకే ఫార్ యూవీ కాంతి కనిపించిందంటే, మామూలుగా గత పది కోట్ల సంవత్సరాల లోపు అక్కడ నక్షత్రాలు పుట్టాయని అర్థం. హెచ్-ఆల్ఫా కాంతి (వేడెక్కిన హైడ్రోజన్ వాయువు ఇచ్చే ఎరుపు కాంతి) అయితే సుమారు కోటి సంవత్సరాల లోపు సంగతే చెబుతుంది, ఎందుకంటే అది రావాలంటే హైడ్రోజన్‌ను అయనీకరించగల మరీ భారీ నక్షత్రాలు బతికి ఉండాలి. గెలాక్సీ అంచుల్లో నక్షత్రాలు అరుదుగా, చిన్న చిన్న గుంపులుగా పుడతాయి. అలాంటి గుంపులో అంత భారీ నక్షత్రం ఒక్కటి కూడా లేకపోవచ్చు, ఉన్నా ఈపాటికి చచ్చిపోయి ఉండొచ్చు. హెచ్-ఆల్ఫా చిత్రంలో ఆ చోటు ఖాళీగా ఉంటుంది. ఫార్ యూవీలో మాత్రం మెరుస్తూనే ఉంటుంది.

గెలెక్స్ చేసిన గొప్ప పని ఇదే. 2003 ఏప్రిల్ 28న, విమానం నుంచి జారవిడిచిన పెగాసస్ రాకెట్ మీద అది వెళ్లింది. అద్దం వ్యాసం 50 సెంటీమీటర్లే. కానీ ఒకేసారి 1.2 డిగ్రీల వెడల్పు ఆకాశాన్ని చూసేది, అంటే రెండు నిండు చందమామలు పక్కపక్కన పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. గెలాక్సీతో పాటు దాని చుట్టూ బోలెడంత ఖాళీ ఆకాశం కూడా ఒకే చిత్రంలో దొరకడం వల్లే అంచు ఎక్కడుందో తెలిసింది. 2005లో ఎం83 అనే గెలాక్సీ చిత్రాలు వచ్చినప్పుడు, హెచ్-ఆల్ఫాలో డిస్క్ (గెలాక్సీ పళ్లెం) ముగిసిందనుకున్న చోటుకు దాదాపు నాలుగు రెట్ల దూరం వరకు యువ నక్షత్ర గుంపులు బయటపడ్డాయి. అదే ఏడాది ఎన్‌జీసీ 4625 అనే చిన్న గెలాక్సీలోనూ మామూలు కాంతిలో కనిపించే డిస్క్‌కు నాలుగు రెట్ల అతినీలలోహిత డిస్క్ కనిపించింది. 2007లో దగ్గరి డిస్క్ గెలాక్సీలను వరుసగా చూస్తే దాదాపు 30 శాతంలో ఇలాంటి విస్తరించిన డిస్క్‌లు ఉన్నాయని తేలింది. అంత పలచటి వాయువులో నక్షత్రాలు ఎలా పుడుతున్నాయన్న ప్రశ్న ఇప్పటికీ సజీవంగానే ఉంది. ఈ రంగంలో నన్ను కట్టిపడేసిన ప్రశ్న కూడా అదే.

మీ గైడ్ అడిగినదానికి ఇక్కడే జవాబు చెబుతాను. 2007 నాటి గెలెక్స్ అట్లాస్‌లో 1,034 గెలాక్సీలు ఉన్నాయి, నిజమే. అట్లాస్ అన్నింటికీ ఒకే పద్ధతి వాడుతుంది. ఒక్కో గెలాక్సీ చుట్టూ ఆకాశం ఎలా ఉందో, అక్కడ మన పాలపుంత ధూళి ఎంత అడ్డొస్తోందో, బయట కనిపించే ఒక్కో చుక్క నిజంగా ఆ గెలాక్సీదేనా కాదా అని కూర్చుని చూడటం అంత పెద్ద జాబితాలో కుదరదు. నాలుగు గెలాక్సీలు పెట్టుకున్న విద్యార్థికి కుదురుతుంది.

ఆకాశం సంగతి. ఇది జాగ్రత్తగా చదవండి. ఫార్ యూవీలో ఆకాశం చాలా చీకటి. గెలెక్స్ చిత్రంలో పిక్సెల్ 1.5 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు). దగ్గరి గెలాక్సీల సర్వేలో మామూలు ఎక్స్‌పోజర్ సుమారు 1,500 సెకన్లు, అంటే ఒక కక్ష్యలో దొరికే రాత్రి భాగం. అంతసేపు చూసినా ఖాళీ ఆకాశంలో ఒక పిక్సెల్ మీద సగటున ఒక్క ఫోటాన్ కూడా పడదు. సగానికి పైగా పిక్సెల్స్‌లో సున్నా ఉంటుంది. అప్పుడు మీడియన్ (విలువలన్నీ వరుసలో పెడితే నడుమ వచ్చేది) తీస్తే ఏమొస్తుంది? సున్నా. కొన్నిట్లో ఒకటి, అరుదుగా రెండు ఉంటాయి. సిగ్మా క్లిప్పింగ్ (సగటుకు బాగా దూరంగా ఉన్న విలువలను తీసేసే పద్ధతి) పెడితే ఆ రెండు, మూడు ఉన్నవాటిని తప్పు పిక్సెల్స్ అనుకుని పారేస్తుంది, ఆకాశం విలువ ఉన్నదానికన్నా తగ్గిపోతుంది. మామూలు కాంతి చిత్రాలకు నేర్పే అలవాట్లు రెండూ ఇక్కడ పనికిరావు.

నా దగ్గరికి వచ్చిన ఒక విద్యార్థిని గ్రాఫ్‌లో సరిగ్గా ఇదే జరిగింది. వృత్తం పెంచుకుంటూ లోపలి కాంతిని కూడితే, గెలాక్సీ అయిపోయాక గీత చదునుగా సాగాలి. ఆమె గీత చిత్రం చివరిదాకా ఎక్కుతూనే పోయింది. గెలాక్సీ చాలా పెద్దదని తేలినట్టు ఆమె సంతోషపడింది. అది గెలాక్సీ కాదు, తీసివేయకుండా మిగిలిపోయిన ఆకాశం. మీడియన్ తీసేసి సగటు వాడగానే గీత చదునైంది, అంచు లోపలికి వచ్చింది. అలా వచ్చిన అంచు కూడా మామూలు కాంతిలో కనిపించే డిస్క్ కన్నా బయటే ఉంది, కాబట్టి ప్రాజెక్టుకు ఫలితం దక్కింది. బీచ్ రోడ్డు దీపాల కింద నిలబడి సముద్రంలో చివరి పడవ దీపం ఎక్కడుందో చెప్పడం లాంటిది ఈ పని. పడవ దూరం కన్నా ముందు మన చుట్టూ ఉన్న వెలుతురు ఎంతో తెలియాలి.

కాబట్టి ఇలా చేయండి. గెలాక్సీకి బాగా దూరంగా, ప్రకాశవంతమైన నక్షత్రాలను మాస్క్ చేసి, నూరు పిక్సెల్స్ భుజం ఉన్న చతురస్రాలు పది పన్నెండు తీసుకోండి. ఒక్కో దానిలో పదివేల పిక్సెల్స్. పిక్సెల్‌కు సగటున 0.45 ఫోటాన్ అనుకుంటే మొత్తం 4,500, దాని వర్గమూలం 67, అంటే ఒక్కో చతురస్రం సగటులో 1.5 శాతం లెక్కింపు దోషం ఉంటుంది. ఇప్పుడు చతురస్రాల మధ్య తేడా చూడండి. తేడా ఆ 1.5 శాతం దగ్గరే ఉంటే ఆకాశం చదునుగా ఉందని అర్థం. అయిదారు శాతం వస్తే మీ అసలు దోషం అదే, అంచు కొలతలో దాన్నే వాడాలి. ఇలా ఎక్కువ రావడానికి రెండు కారణాలు తరచూ చూశాను. ఒకటి, డిటెక్టర్ స్పందన అన్ని చోట్లా సమానంగా లేకపోవడం. చిత్రం కేంద్రం నుంచి 0.55 డిగ్రీలు దాటిన భాగాన్ని నేను అసలు వాడను, అంచుల్లో లేనిపోని మెరుపులు చాలా ఉంటాయి. రెండోది మన పాలపుంతలోని ధూళి మేఘాలు. అవి నక్షత్రాల అతినీలలోహిత కాంతిని చెదరగొట్టి పలచటి పొగలా మెరుస్తాయి. 100 మైక్రాన్ల ఇన్‌ఫ్రారెడ్ చిత్రం పక్కన పెట్టి చూడండి, రెండింట్లోనూ అదే ఆకారం కనిపిస్తే ఆ పొగ మీ గెలాక్సీది కాదు.

గెలాక్సీని ఆనుకునే ఉన్న వలయంలో ఆకాశం కొలవకండి. విస్తరించిన డిస్క్ ఉన్న గెలాక్సీలో ఆ వలయమే గెలాక్సీ. మీరు వెతుకుతున్న దాన్నే మీరు తీసేసినట్టవుతుంది.

ధూళి సంగతి. పాలపుంత ధూళికి దిద్దుబాటు ఫార్ యూవీలో పెద్దది. ధూళి కాంతిని ఎంత ఎర్రబరిచిందో చెప్పే ఈ(బీ-వీ) అనే అంకె ధూళి పటాల నుంచి వస్తుంది. దాన్ని 7.9తో హెచ్చిస్తే ఫార్ యూవీలో ఎన్ని మాగ్నిట్యూడ్లు (ప్రకాశాన్ని కొలిచే ప్రమాణం) తగ్గాయో వస్తుంది, నియర్ యూవీకి (మామూలు కాంతికి దగ్గరగా ఉన్న అతినీలలోహితానికి) 8.0 వాడతారు. ఆ అంకె 0.05 అయితే, మామూలు ఆకుపచ్చ-పసుపు కాంతిలో సుమారు 13 శాతం పోతుంది, ఫార్ యూవీలో 30 శాతం. 0.1 అయితే సగానికి పైగా పోతుంది. కనుక పాలపుంత తలానికి దగ్గరగా కనిపించే గెలాక్సీలను ఎంచుకోకండి.

గెలాక్సీ లోపలి ధూళి ఇంకో తలనొప్పి. అక్కడ అతినీలలోహితం ఒక్కటే చూసి నక్షత్రాల పుట్టుక వేగం చెప్పడం తప్పు, ధూళి మింగిన కాంతి ఇన్‌ఫ్రారెడ్‌లో బయటికి వస్తుంది కాబట్టి వైజ్ ఉపగ్రహం 22 మైక్రాన్ల చిత్రం కూడా కలపాలి. అంచుల్లో ధూళి బాగా తక్కువ. మిమ్మల్ని అంచు వైపు తోయడానికి ఇదొక బలమైన కారణం. మనకు ఎదురుగా, పళ్లెంలా కనిపించే గెలాక్సీలనే తీసుకోండి. పక్కవాటుగా కనిపించేవాటిలో ధూళి పొర మొత్తం అడ్డంగా వస్తుంది.

ఎం82 గెలాక్సీ మాత్రం వద్దు. చాలామంది దాని అందం చూసి ఎంచుకుంటారు. డిస్క్‌కు పైనా కిందా ఫార్ యూవీ కాంతి విరజిమ్ముతూ ఉంటుంది. కానీ అది అక్కడ పుట్టిన నక్షత్రాల కాంతి కాదు. లోపల జోరుగా పుడుతున్న నక్షత్రాల కాంతి, బయటికి ఎగదన్నిన ధూళి మీద పడి చెదిరి మన వైపు వస్తోంది. అలాగే దీర్ఘవృత్తాకార గెలాక్సీల మధ్యలో, ఆండ్రోమెడా నడి ఉబ్బులో కనిపించే ఫార్ యూవీ ఎక్కువగా ముసలి నక్షత్రాలది. సూర్యుడి లాంటివి జీవితం చివర్లో పైపొరలు పోగొట్టుకుని వేడి గుండె బయటపడ్డప్పుడు అవి కూడా ఈ కాంతిని ఇస్తాయి. అలాంటి చోట్ల ఈ కాంతి ఉందని 1968లో వెళ్లిన ఓఏఓ-2 ఉపగ్రహమే చూపింది, కారణం మాత్రం తర్వాత తేలింది. అతినీలలోహితం కనిపించిన ప్రతిచోటా కొత్త నక్షత్రాలు ఉన్నాయని రాయకండి.

బయట కనిపించే చుక్కల విషయం కూడా అంతే. వాటిలో కొన్ని వందల కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని వెనకటి గెలాక్సీలు. కొన్ని మన పాలపుంతలోని తెల్ల మరుగుజ్జులు, వేడి నక్షత్రాలు. ఒక కుర్రాడు డిస్క్ బయట వరుసగా మూడు చుక్కలు చూసి కొత్త సర్పిల భుజం అనుకున్నాడు. నేల మీది టెలిస్కోప్ తీసిన స్పష్టమైన చిత్రం పక్కన పెట్టి చూస్తే వాటిలో ఒకటి బాగా వెనక ఉన్న గెలాక్సీ అని ఆకారమే చెప్పేసింది. ఒక్కో చుక్కనూ ఇలా తేల్చడం ఎప్పుడూ కుదరదు, కాబట్టి లెక్క మీద ఆధారపడాలి. గెలాక్సీకి దూరంగా అంతే వైశాల్యంలో అంతే ప్రకాశం, అదే రంగు ఉన్న చుక్కలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, దాన్ని అంచు వలయంలోని సంఖ్య నుంచి తీసివేయండి. మిగిలింది మీ గెలాక్సీది.

ఇక గెలెక్స్ కావాలా, ఆస్ట్రోశాట్ కావాలా. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్‌లో యూవిట్ అనే పరికరం ఉంది, దాని జంట టెలిస్కోపులు ఒక్కోటి 37.5 సెంటీమీటర్లు. చూపు వెడల్పు 28 ఆర్క్‌మినిట్లే (అర డిగ్రీ కన్నా తక్కువ), గెలెక్స్ కన్నా బాగా చిన్నది. కానీ చూపులో వాడి మూడు రెట్లు ఎక్కువ: గెలెక్స్ ఫార్ యూవీలో సుమారు 4.5 ఆర్క్‌సెకన్లయితే యూవిట్ 1.5 కన్నా మెరుగు. ఎం83 మనకు కోటిన్నర కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అంత దూరంలో గెలెక్స్‌కు సుమారు 325 కాంతి సంవత్సరాల వెడల్పు ప్రాంతం ఒకే చుక్క, యూవిట్‌కు అది సుమారు వంద. ఒక్కో నక్షత్ర గుంపును విడదీసి చూడాలంటే గెలెక్స్ కన్నా యూవిట్ ఎంతో మేలు. హబుల్ ఇంకా ఎంతో స్పష్టం, లెగస్ అనే సర్వేలో అది 50 దగ్గరి గెలాక్సీలను చూసింది. అయితే దాని కెమెరా చూపు 162 ఆర్క్‌సెకన్లే, ఎం83 దగ్గర అది 12,000 కాంతి సంవత్సరాలకు మించదు. అంచు వెతికేవాళ్లకు అది సరిపోదు.

నేను చెప్పే వరుస ఇది. అంచును గెలెక్స్‌తో కొలవండి, అదే గెలాక్సీకి యూవిట్ డేటా ఉంటే బయటి గుంపులను దానితో విడదీయండి. రెండూ కలిపితే ఎమ్మెస్సీ స్థాయికి మించిన ప్రాజెక్టు అవుతుంది. యూవిట్ డేటా ఇస్రో ఐఎస్ఎస్‌డీసీ సైట్‌లో రిజిస్టర్ చేసుకుంటే దొరుకుతుంది. ఉపగ్రహం కదలికను సరిదిద్ది, కక్ష్యలన్నీ కలిపి చిత్రం చేయడానికి సీసీడీ-ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, అది నేర్చుకోవడానికి కొంత సమయం కేటాయించుకోండి.

డౌన్‌లోడ్‌కు ముందు తేదీ చూడండి. గెలెక్స్ ఫార్ యూవీ డిటెక్టర్ 2009 మేలో ఆగిపోయింది, ఆ తర్వాత 2013లో మిషన్ ముగిసేదాకా నియర్ యూవీ మాత్రమే వచ్చింది. యూవిట్‌లో దీనికి తిరగబడి జరిగింది, 2018లో నియర్ యూవీ భాగం పనిచేయడం ఆగింది, ఫార్ యూవీ కొనసాగింది. రంగు (ఫార్, నియర్ యూవీ ప్రకాశాల మధ్య తేడా) కావాలంటే రెండూ ఉన్న పరిశీలనలే ఏరుకోవాలి. ఎక్స్‌పోజర్ కూడా చూడండి. ఆకాశమంతా తీసిన సర్వేలో అది వంద సెకన్లే, అంచు కొలతకు చాలదు. 1,500 సెకన్లకు తగ్గనివి తీసుకోండి.

గెలాక్సీల ఎంపికలో ఎం83, ఎన్‌జీసీ 4625 పెట్టుకోండి, మీ పద్ధతి సరిగా ఉంటే ప్రచురించిన ఫలితాలకు దగ్గరగా రావాలి. మిగతావి విస్తరించిన డిస్క్ ఉందని ఎవరూ చెప్పనివి ఉండాలి. లేదని తేలడం కూడా ఫలితమే. ఎం83 విశాఖ నుంచి ఏప్రిల్ నడిరాత్రి దక్షిణాన 42 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. లంబసింగి వైపు చీకటి ఉన్న చోట బైనాక్యులర్‌తో మసక మచ్చలా దొరుకుతుంది, ఒకసారి చూసి రండి. ప్రాజెక్టుకు అవసరం లేదు, కానీ నెలల తరబడి కొలవబోయేదాన్ని కళ్లారా చూడటంలో వేరే ఆనందం ఉంది.

ల్యాప్‌టాప్ విషయానికొస్తే, గెలెక్స్ చిత్రం భుజానికి 3,840 పిక్సెల్స్, ఒక్కోటి 60 ఎంబీ లోపే. ఎనిమిది జీబీ ర్యామ్ బోలెడు. చూడటానికి డీఎస్9, లెక్కలకు పైథాన్‌లో ఆస్ట్రోపై, ఫోట్‌యుటిల్స్. సెకనుకు వచ్చే కౌంట్లను ఏబీ మాగ్నిట్యూడ్‌గా మార్చడానికి జీరో పాయింట్‌గా గెలెక్స్ ఫార్ యూవీకి 18.82, నియర్ యూవీకి 20.08 వాడండి.

ఒక హెచ్చరిక మిగిలింది. అతినీలలోహిత కాంతి నుంచి నక్షత్రాల పుట్టుక వేగం ఇచ్చే సూత్రం మీకు పుస్తకాల్లో దొరుకుతుంది. ఆ సూత్రం పది కోట్ల సంవత్సరాలుగా ఒకే వేగంతో నక్షత్రాలు పుడుతున్నాయని అనుకుంటుంది. గెలాక్సీ మొత్తానికి, లేదా వెడల్పాటి వలయం మొత్తానికి అది సరిపోతుంది. అంచులో ఒంటరిగా ఉన్న ఒక్క గుంపుకు సరిపోదు. దానిలో రెండు మూడు భారీ నక్షత్రాలే ఉండొచ్చు, అవన్నీ ఒకేసారి పుట్టి ఉండొచ్చు. అక్కడ ప్రకాశం, రంగు ఇచ్చి ఊరుకోండి. వైవాలో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది.

ముందు ఎం83 ఒక్కటే తీసుకుని ఆకాశం చతురస్రాల పట్టిక, వృత్తం పెంచుతూ తీసిన గ్రాఫ్ సిద్ధం చేయండి. ఆ రెండూ ఇక్కడ పెట్టండి, అంచు దోషం ఎంత రాయాలో అప్పుడు కలిసి చూద్దాం.